నడిమి కుర్చీ

కారులో డ్రైవరు ఎప్పుడూ మధ్యలో కూర్చోడు. మన దేశంలో కుడి పక్కన, అమెరికాలో ఎడమ పక్కన, ఎక్కడైనా ఒక పక్కనే. ఇందులో కొత్త సంగతేమీ లేదు. కానీ స్టీరియో అని మనం పిలుచుకునే ఏర్పాటంతా వినేవాడు సరిగ్గా మధ్యలో కూర్చుని ఉంటాడన్న నమ్మకం మీద కట్టిన ఇల్లు. ఎడమ స్పీకరు, కుడి స్పీకరు, వినేవాడి తల, ఈ మూడూ సమబాహు త్రిభుజానికి మూడు మూలల్లా ఉంటేనే ఆ ఇల్లు నిలుస్తుంది. తల కాస్త పక్కకు జరిగితే చాలు, పాడే గొంతు దగ్గరున్న స్పీకర్లోకి పోయి దాక్కుంటుంది.

నేను పాటలు వినేది కారులోనే. సరూర్‌నగర్‌లో ఇల్లు, మాదాపూర్‌లో ఉద్యోగం. పోను రాను రోజుకు రెండున్నర మూడు గంటలు. ఇంటికొచ్చాక పాట వినే ఓపికా ఉండదు, తీరికా ఉండదు. పొద్దున ఎనిమిదిన్నరకు ఎల్.బి.నగర్ రింగురోడ్డు దగ్గర నిలబడి చూస్తే నాలాంటివాళ్ళు వరసలు వరసలుగా కనిపిస్తారు, కారుకొకరు చొప్పున. అంటే, ఒక తరానికి తరం తన సంగీతాన్నంతా స్టీరియో సొంత లెక్క ప్రకారం స్టీరియో పనిచెయ్యని చోట కూర్చుని వింటోందన్నమాట. ఇలా ఎందుకు జరిగింది, దీన్ని ఎవరు ఎలా చక్కదిద్దారు, చక్కదిద్దినప్పుడు ఎవరికి ఏం నష్టం వచ్చింది అన్నది ఈ వ్యాసంలో చెప్పదలుచుకున్న సంగతి.

చెవుల లెక్క

శబ్దం ఎటునుంచి వస్తోందో చెవి పట్టుకుంటుందని మనకు కొత్తగా ఎవరూ చెప్పనక్కర్లేదు. దశరథుడి కథ ఉండనే ఉంది. చీకట్లో, సరయూ తీరాన, కుండలో నీళ్ళు నిండే చప్పుడు విని బాణం వేశాడు. ఆ కథలో మనం గమనించనిది ఒకటుంది. ఎక్కడ అన్న విషయంలో దశరథుడి చెవి రవ్వంత కూడా తప్పలేదు. ఏమిటి అన్న విషయంలోనే తప్పింది. ఏనుగనుకున్నది మునికుమారుడైంది. ఎక్కడ అన్నదీ ఏమిటి అన్నదీ చెవికి రెండు వేరు వేరు పనులు.

ఆ మొదటి పని ఎలా జరుగుతుందో తేల్చి చెప్పినవాడు ఇంగ్లీషు భౌతికశాస్త్రవేత్త లార్డ్ రేలీ. 1907లో ఆయన చెప్పింది ఇది: మంద్రంగా ఉండే శబ్దాల విషయంలో రెండు చెవులకూ చేరే సమయంలో ఉన్న తేడాని మెదడు లెక్కేస్తుంది. హెచ్చు స్థాయి శబ్దాల్లో తల అడ్డు పడుతుంది కాబట్టి, ఏ చెవిలో గట్టిగా వినబడుతోందో చూస్తుంది. మనిషి తల వెడల్పు ఎంతని. శబ్దం పూర్తిగా ఒక పక్కనుంచి వచ్చినా రెండు చెవుల మధ్య తేడా మిల్లీసెకనులో మూడింట రెండు వంతులకు మించదు. మిల్లీసెకనంటే సెకనులో వెయ్యో వంతు. మెదడు అంత చిన్న తేడాతో పని నడిపిస్తుంది.

రెండో సంగతి 1949లో తేలింది. జర్మనీలో గట్టింగెన్‌లో హెల్ముట్ హాస్ అనే పరిశోధకుడు, అదే ఏడాది అమెరికాలో వాలక్ బృందం, విడివిడిగా ఒకే విషయం గమనించారు. ఒకే శబ్దం రెండు చోట్లనుంచి, కొద్ది మిల్లీసెకన్ల తేడాతో వస్తే, మనకు రెండు శబ్దాలు వినబడవు. ఒకటే వినబడుతుంది, అదీ ముందు చేరినదాని వైపునుంచే. వెనకొచ్చినది కాస్త గట్టిగా ఉన్నా సరే, ముందొచ్చినదే గెలుస్తుంది. ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని మన సామెత. చెవి తన సొంత వ్యవహారంలో మాత్రం ఈ సామెతను ఒప్పుకోదు.

ఇప్పుడు కారు దగ్గరికి వద్దాం. మాది మామూలు చిన్నకారు. ముందు తలుపుల్లో కిందివైపు చెరో స్పీకరు. ఒక ఆదివారం టైలరు టేపు పెట్టి కొలిచాను. డ్రైవరు సీట్లో కూర్చుంటే నా తలనుంచి కుడి స్పీకరు 92 సెంటీమీటర్లు, ఎడమ స్పీకరు 137. తేడా 45 సెంటీమీటర్లు. మన ఎండల్లో శబ్దం సెకనుకు సుమారు 345 మీటర్లు పోతుందనుకుంటే, ఎడమనుంచి వచ్చేది 1.3 మిల్లీసెకన్లు ఆలస్యం. ప్రకృతిలో రెండు చెవుల మధ్య వచ్చే అతి పెద్ద తేడాకు ఇది దాదాపు రెండింతలు. మెదడుకు ఇంక సందేహమే ఉండదు, గొంతు కుడి తలుపులో ఉందని తీర్పు ఇచ్చేస్తుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. రెండు స్పీకర్లనుంచీ ఒకే గొంతు వస్తున్నప్పుడు, ఆ 45 సెంటీమీటర్ల తేడా కొన్ని స్వరాల దగ్గర సరిగ్గా సగం అలకు సమానమవుతుంది. ఒక అల లేస్తుంటే రెండోది పడుతుంది, రెండూ ఒకదాన్నొకటి తినేస్తాయి. మా కారు లెక్కలో అది సుమారు 380 హెర్ట్‌జ్ దగ్గర. సరిగ్గా పాడే గొంతు నడిచే ప్రాంతం. అద్దాలూ సీట్లూ ప్రతిధ్వనులతో ఆ గుంటను కొంత పూడుస్తాయి గాని పూర్తిగా పూడ్చవు. కారులో బాలు గొంతు కొంచెం పలచబడినట్టు, ఒంట్లో బాగాలేనట్టు వినిపిస్తే దోషం గొంతుది కాదు, పాట రికార్డు చేసినవాళ్ళదీ కాదు. మనం కూర్చున్న చోటుది.

బ్యాలెన్స్ మీట ఎడమకు తిప్పితే సరిపోదా? దిల్‌సుఖ్‌నగర్‌లో కారు సామాన్లు బిగించే కుర్రాడు నాకిచ్చిన సలహా అదే. "జర లెఫ్ట్‌కు తిప్పున్రి సార్, సెట్ అయితది." కొంతవరకు అవుతుంది కూడా. ఎడమది గట్టి చేస్తే గొంతు కుడి తలుపు వదిలి స్టీరింగు వైపు జరుగుతుంది. కానీ అది గట్టిదనాన్ని సరిచెయ్యడమే, ఆలస్యం అలాగే ఉంటుంది. మెదడుకు సమయం ఒకటి చెబుతోంది, గట్టిదనం ఇంకొకటి చెబుతోంది. ఇద్దరు సాక్షులు చెరో మాటా చెబుతుంటే జడ్జి ఏం చేస్తాడు? గొంతు ఒక చోట నిలబడకుండా డ్యాష్‌బోర్డు మీద పరుచుకుంటుంది.

మధ్య అనే ఊహ

అసలు ఈ నడిమి కుర్చీ ఎక్కడినుంచి వచ్చింది? 1881లో పారిస్ విద్యుత్ ప్రదర్శనలో క్లెమాఁ ఆదేర్ అనే ఇంజనీరు ఒపేరా వేదిక ముందు వరసగా టెలిఫోను మైకులు పెట్టి, తీగల మీద ఆ పాటను ప్రదర్శనశాలకు పంపాడు. విన్నవాళ్ళు చెవికొకటి చొప్పున రెండు గొట్టాలు పెట్టుకుని విన్నారు. పాడేవాళ్ళు వేదిక మీద అటూ ఇటూ నడుస్తున్నట్టు తెలిసిందట. ఇక్కడ కుర్చీ గొడవ లేదు. గొట్టాలు చెవులకే ఉంటే ప్రతివాడూ మధ్యలో ఉన్నవాడే. మధ్య అన్నది తలతోపాటు తిరుగుతుంది.

స్పీకర్లు గదిలోకి వచ్చాకే కుర్చీ సమస్యయింది. ఇంగ్లండులో ఈఎంఐ కంపెనీ ఇంజనీరు అలన్ బ్లూమ్‌లైన్ భార్యతో సినిమాకు వెళ్ళాడని, తెర మీద మనిషి ఒక పక్కనుంటే గొంతు ఇంకో పక్కనున్న ఒకే ఒక స్పీకరునుంచి రావడం చూసి, గొంతు మనిషి వెంట నడిచేలా చేస్తానన్నాడని ఒక కథ ప్రచారంలో ఉంది. కథ సంగతెలా ఉన్నా పేటెంటు మాత్రం గట్టిదే. 1931 డిసెంబరులో దాఖలు చేశాడు. నంబరు 394,325. అందులో 70 అంశాలున్నాయి. ఒకే గాడిలో రెండు వైపుల శబ్దాన్నీ చెక్కే గ్రామఫోను పద్ధతి దాంట్లోనే ఉంది. 1934 జనవరిలో లండన్ అబీ రోడ్ స్టూడియోలో థామస్ బీచమ్ నడిపిన మోట్సార్ట్ సింఫనీని ఆ పద్ధతిలో రికార్డు చేశారు. బ్లూమ్‌లైన్ తన ఊహ బజార్లోకి రావడం చూడలేదు. 1942 జూన్‌లో రాడార్ పరీక్షలకోసం వెళ్ళిన విమానం కూలి చనిపోయాడు. అప్పటికి ఆయనకు 38 ఏళ్ళు. స్టీరియో గ్రామఫోను రికార్డులు 1958లో గాని దుకాణాలకు రాలేదు.

అదే రోజుల్లో అమెరికాలో బెల్ లాబొరేటరీస్ వాళ్ళు ఇంకో దారిలో వెళ్ళారు. 1933 ఏప్రిల్ 27న ఫిలడెల్ఫియాలో వాద్యబృందం వాయిస్తుంటే, వాషింగ్టన్‌లో కాన్‌స్టిట్యూషన్ హాల్లో జనం కూర్చుని విన్నారు. ఆ బృందానికి మామూలుగా సారథ్యం వహించే స్టొకోవ్‌స్కీ ఆ రోజు కర్ర పుచ్చుకోలేదు. వాషింగ్టన్‌లో మీటల ముందు కూర్చున్నాడు. నాకు ఇక్కడ ముఖ్యమనిపించేది, వాళ్ళు వాడినవి రెండు దారులు కావు, మూడు. ఎడమ, నడుమ, కుడి. కారణం వ్యావహారికమైనదే. హాలంటే ఒక కుర్చీ కాదు. వందల కుర్చీలుంటాయి, వాటిలో మధ్య వరసలో ఉండేవి కొన్నే. రెండే స్పీకర్లుంటే పక్క కుర్చీలవాళ్ళకు నడిమి గొంతు పక్కకు పోతుంది. నడుమ నిజంగానే ఒక స్పీకరు పెడితే ఎక్కడ కూర్చున్నవాడికైనా గొంతు నడుమనే ఉంటుంది.

మనవాళ్ళకు ఈ మూడు దారుల ఏర్పాటు కొత్తది కాదు. బుర్రకథ చూడండి. నడుమ తంబూరాతో కథకుడు, రెండు పక్కలా డక్కీలతో వంతలు, ఒకరు హాస్యం, ఒకరు రాజకీయం. పందిట్లో ఏ మూల కూర్చున్నా కథ నడుమనుంచీ, ఛలోక్తి ఒక పక్కనుంచీ, చురక ఇంకో పక్కనుంచీ వస్తుంది. పందిరంతా నడిమి కుర్చీయే. అదే బుర్రకథ రేడియోలో వచ్చినప్పుడు ముగ్గురూ ఒకే రంధ్రంలోంచి మాట్లాడారు. కథ మిగిలింది, నిలబడ్డ చోట్లు పోయాయి.

సినిమా హాలు బెల్ లాబొరేటరీస్ దారినే పట్టింది. 1940లో డిస్నీ 'ఫాంటాసియా' తెర వెనక మూడు దారుల శబ్దంతో వచ్చింది, అందులో కూడా స్టొకోవ్‌స్కీయే. మన దగ్గర 1986లో కృష్ణ తీసిన 'సింహాసనం' తెలుగులో మొదటి 70 ఎం.ఎం. సినిమా, ఆరు ట్రాకుల స్టీరియోఫోనిక్ శబ్దంతో. ఆ పోస్టర్ల మీద ఆ మాట ఎంత పెద్ద అక్షరాల్లో ఉండేదో ఆ తరం వాళ్ళకు గుర్తుంటుంది. ఆరు ట్రాకులన్నది ఆడంబరంగా కనిపించినా అందులో ఒక మర్యాద ఉంది. తెర వెనక నడుమ స్పీకరుంది కాబట్టి, గోడ పక్క నేల టిక్కెట్టువాడికి కూడా హీరో మాట హీరో నోట్లోంచే వచ్చేది. దిల్‌సుఖ్‌నగర్‌లో కోణార్క్‌కు వెళ్ళినా వెంకటాద్రికి వెళ్ళినా, చివరి సీటు దొరికినందుకు విసుక్కున్నాం గాని, మాట పక్కనుంచి వస్తోందని ఎవరం విసుక్కోలేదు.

ఇంటికి మాత్రం రెండే స్పీకర్లు వచ్చాయి. గాడికి రెండే గోడలు మరి, మూడో దారికి చోటు లేదు. నడుమ లేని స్పీకరు ఉన్నట్టు భ్రమ కల్పించాలంటే గొంతును రెండిట్లోనూ సమానంగా పొయ్యాలి, వినేవాడు మధ్యలో కూర్చోవాలి. హాలులో యంత్రం మోసిన బరువు ఇంట్లో వినేవాడి నెత్తికెక్కింది.

కారులోకి వచ్చిన పాట

కారులోకి మొదట వచ్చింది స్టీరియో కాదు, రేడియో. 1930లో అమెరికాలో గాల్విన్ సోదరులు కారు రేడియో అమ్మడం మొదలుపెట్టి దానికి మోటరోలా అని పేరు పెట్టారు. తర్వాత కంపెనీ పేరే అదయింది. ఒకటే స్పీకరు, ఒకటే దారి. దానికి నడిమి కుర్చీ తగువు లేదు. గొంతు డ్యాష్‌బోర్డులో ఉంది, అందరికీ అక్కడే ఉంది. మన హైదరాబాదుకు రేడియో వచ్చింది 1935 ఫిబ్రవరి 3న, అబిడ్స్ దగ్గర చిరాగ్ అలీ లేన్‌లో 200 వాట్ల ట్రాన్స్‌మిటర్‌తో. అదే దక్కన్ రేడియో. ఆ తర్వాత పెట్టిన పెద్ద ట్రాన్స్‌మిటర్ మా సరూర్‌నగర్ వైపే ఉండేదని ఇక్కడి పాతవాళ్ళు చెబుతారు. 1950లో అది ఆకాశవాణిలో కలిసింది. అంబాసిడర్ కారులో రేడియో ఉండటమంటే చాన్నాళ్ళపాటు అదొక హోదా. వివిధభారతి వస్తుంటే ముందున్నవాళ్ళూ వెనకున్నవాళ్ళూ ఒకే చోటునుంచి విన్నారు.

పాటను రేడియో ఇష్టానికి కాక మన ఇష్టానికి వినాలన్న కోరికే కారులోకి స్టీరియోను తెచ్చింది. 1956లో క్రైస్లర్ కార్లలో గ్రామఫోను పెట్టి చూశారు. గుంతల్లో ముల్లు ఎగిరేది, ఎక్కువ కాలం నిలవలేదు. 1960ల మొదట్లో కాలిఫోర్నియాలో ఎర్ల్ మంట్జ్ నాలుగు ట్రాకుల టేపు పెట్టెలు అమ్మాడు. కారులో స్టీరియో అన్నది జనం ఎరిగింది అక్కడినుంచే. దాన్ని చూసి జెట్ విమానాల బిల్ లియర్ ఎనిమిది ట్రాకుల పెట్టె చేశాడు. 1965లో ఫోర్డ్ కంపెనీ దాన్ని కార్లలో ఇచ్చింది. ఈ రెంటినీ మింగేసింది ఫిలిప్స్ క్యాసెట్టు. లూ ఒటెన్స్ బృందం 1963లో బయటపెట్టిన ఆ చిన్న పెట్టె మన ఊళ్ళకు కూడా వచ్చింది.

క్యాసెట్టులో ఒక తెలివైన ఏర్పాటుంది. ఎడమ ట్రాకు, కుడి ట్రాకు పక్కపక్కనే ఉంటాయి. అందువల్ల ఒకే స్పీకరున్న టేప్‌రికార్డరు తల రెండిటినీ కలిపి చదివేస్తుంది. స్టీరియో పాట మోనో పెట్టెలో కూడా ఏమీ పోగొట్టుకోకుండా మోగుతుంది. 1961లో అమెరికాలో ఖాయమైన ఎఫ్.ఎం. స్టీరియోలోనూ ఇదే బుద్ధి. ముందు ఎడమా కుడీ కలిపిన మొత్తాన్ని పంపిస్తారు, రెంటి మధ్య తేడాని వేరే మోత మీద ఎక్కించి పంపిస్తారు. తేడా అందుకోలేని రేడియోకు మొత్తమైనా దక్కుతుంది. 2006లో ప్రైవేటు ఎఫ్.ఎం.లు హైదరాబాదుకొచ్చాక మనం విన్నది ఈ పద్ధతిలోనే. సిగ్నలు తగ్గిన చోట కారు రేడియో తనంతట తాను తేడాని వదిలేసి మొత్తం మీదికి వచ్చేస్తుంది. మాటలో మార్పుండదు, పాటలో వెడల్పు ముడుచుకుంటుంది. ఈ కొత్త వస్తువులు చేసినవాళ్ళందరికీ మోనోవాడిని ఒంటరిని చెయ్యకూడదన్న పట్టింపు ఉండేది. పక్క సీటువాడి గురించే ఎవరూ అంతగా పట్టించుకోలేదు.

వెనక సీటు దొర

1983 డిసెంబరులో మారుతి 800 వచ్చేదాకా మన దగ్గర కారంటే ఎక్కువగా డ్రైవరున్న కారు. యజమాని వెనక సీట్లో, ఎడమ పక్కన. అందుకే మన కారు స్టీరియో అలవాట్లు వెనకనుంచి మొదలయ్యాయి. వెనక అద్దం కింది పలక కోసి అందులో రెండు పెద్ద కోలగా ఉండే స్పీకర్లు బిగించేవాళ్ళు. వాటిని ఇప్పటికీ అందరూ సిక్స్ బై నైన్లనే అంటారు, కొలత అంగుళాల్లో. కోఠి గుజరాతీ గల్లీలో కొనుక్కొచ్చి, తెలిసిన మెకానిక్ చేత బిగించుకోవడం అప్పటి పద్ధతి. పాట దొరగారి మెడ వెనకనుంచి మోగేది. డ్రైవరు చెవికి చేరేటప్పటికి అది వీపు వెనక గుసగుస.

తర్వాత యజమానే డ్రైవరయ్యాడు. స్పీకర్లు మాత్రం అక్కడే ఉండిపోయాయి. తొంభైల్లో కారు కొన్న ప్రతి మధ్యతరగతి మనిషీ డబ్బు పోసింది వెనక పలక మీదే. తాను కూర్చునేది ముందు, పాట ఉండేది వెనక. వేదికకు వీపు పెట్టి కచేరీ వినడం లాంటిది. ఆటోల్లో ఈ ఆచారం ఇంకా నడుస్తోంది. స్పీకర్లు మన తలల వెనక, బేస్ డబ్బా మన సీటు కింద. పాట ఎంపిక ఆటో అన్నది, అదురు మనది.

ముందు సీటునుంచి ఆలోచించినవాళ్ళలో చెప్పుకోదగ్గవాడు అమర్ బోస్. తండ్రి బెంగాలు విప్లవకారుడు, బ్రిటిషువాళ్ళనుంచి తప్పించుకుని అమెరికా చేరాడు. కొడుకు పుట్టింది 1929లో ఫిలడెల్ఫియాలో, అంటే నాలుగేళ్ళ తర్వాత తీగల మీద వాషింగ్టన్‌కు సంగీతం పంపిన ఊళ్ళోనే. ఎం.ఐ.టి.లో పాఠాలు చెబుతూ 1964లో కంపెనీ పెట్టాడు. అప్పటిదాకా కారుకు స్పీకర్లంటే కారు తయారయ్యాక మిగిలిన చోట బిగించేవి. ఆయన జనరల్ మోటార్స్‌తో కలిసి, ఏ కారుకు ఆ కారు లోపలి ఆకారాన్ని, అద్దాన్ని, సీటు గుడ్డని కొలిచి దానికి తగ్గట్టు శబ్దాన్ని మలిచే పని పెట్టుకున్నాడు. 1983 మోడలు కాడిలాక్ వంటి కార్లలో అది వచ్చింది. కారును చెత్త గదిగా కాక, ఎవరు ఎక్కడ కూర్చుంటారో ముందే తెలిసిన గదిగా చూడటం అందులోని కొత్తదనం. ఇంట్లో మనిషి కుర్చీ ఎక్కడ వేసుకుంటాడో ఇంజనీరుకు తెలియదు. కారులో తెలుసు, కుర్చీ నేలకు బిగించి ఉంటుంది.

57 అంకెలు

కుర్చీ బిగించి ఉందంటే ఆలస్యం కూడా స్థిరమే. స్థిరమైన ఆలస్యాన్ని సరిదిద్దడం సులువు: దగ్గరున్న స్పీకరును అంతసేపు ఆపితే సరి. టేపుల కాలంలో అంత చిన్న విరామాన్ని శబ్దం చెడకుండా పట్టుకోవడం ఖరీదైన పని. పాట అంకెలుగా మారాక అది పిల్లలాటయింది. కాంపాక్ట్ డిస్కులో శబ్దం సెకనుకు 44,100 అంకెలు. మా కారులో కావలసిన 1.3 మిల్లీసెకన్లంటే 57 అంకెలు. కుడి దారిలో 57 అంకెలు పట్టే చిన్న జ్ఞాపకం పెట్టి, వచ్చిన ప్రతి అంకెనూ క్యూలో నిలబెట్టి వదిలితే, కుడి స్పీకరు 45 సెంటీమీటర్లు వెనక్కి జరిగినట్టే. తలుపు కొయ్యకుండా, స్క్రూ విప్పకుండా. తొంభైల్లో జపాను కంపెనీల ఖరీదైన పెట్టెల్లో మొదలైన ఈ సదుపాయం ఇప్పుడు మధ్యరకం స్టీరియోల్లోనూ ఉంది. టైమ్ అలైన్‌మెంట్ అంటారు.

చేసుకోవాలనుకునేవాళ్ళకు పద్ధతి చెబుతాను. ముందు తీగలు చూడాలి. బిగించేవాళ్ళు తొందరలో ఒక స్పీకరుకు ప్లస్సూ మైనస్సూ తారుమారు చెయ్యడం మామూలే. నా కారు బిగించిన ఒక దుకాణంలోనూ అదే జరిగింది. అలా అయితే బేస్ మాయమవుతుంది, గొంతుకు చిరునామా ఉండదు, ఏ మీట తిప్పినా కుదరదు. తర్వాత సీటు రోజూ నడిపే చోట పెట్టి, తల నడినెత్తినుంచి ప్రతి స్పీకరుకూ దూరం కొలవాలి. అన్నిటికన్నా దూరమున్నదానికి ఆలస్యం సున్నా. డిక్కీలో బేస్ డబ్బా ఉంటే చాలాసార్లు అదే దూరం. మిగిలినవాటికి తేడా సెంటీమీటర్లను 34.5తో భాగిస్తే మిల్లీసెకన్లు వస్తాయి. కొన్ని పెట్టెలు సెంటీమీటర్లనే అడుగుతాయి. అప్పుడు ఒక్క గొంతు మాత్రమే ఉండే పాట పెట్టి, కళ్ళు మూసుకుని వినాలి, బండి ఆపి ఉన్నప్పుడు సుమా. గొంతు అద్దం మధ్యలో, దేవుడి బొమ్మ ఉన్న చోట నిలబడేదాకా ఒక్కో మెట్టు జరపాలి. బ్యాలెన్స్ మీట అన్నిటికన్నా చివర, అదీ కొద్దిగానే.

కుదిరిన రోజు తేడా తెలుస్తుంది. చైతన్యపురి దాటి మలక్‌పేట వైపు పోతుండగా, నేను వందసార్లు విన్న ఇళయరాజా పాటలో వయొలిన్లు ఎడమ అద్దం మీదికి పోయి, గొంతు ఎదురుగా నిలబడి, వేణువు ఎక్కడో బానెట్ అవతలినుంచి వచ్చింది. పాటకు లోతుందని అప్పటిదాకా వినికిడి మీద నమ్మినవాణ్ణి, అప్పుడు కంటితో చూసినట్టయింది. స్టీరియో అన్న మాటకు గ్రీకులో గట్టిది, ఘనమైనది అని అర్థం. ఆ మాట ఎందుకు పెట్టారో డ్రైవరు సీట్లో తెలిసింది.

మర్నాడు అమ్మను నాగోలులో పెద్దమ్మ ఇంటికి తీసుకెళ్ళాను. అమ్మ ఎడమ సీట్లో కూర్చుంది. రెండు పాటలయ్యాక, "ఈ పక్కదే మోగుతుందేందిరా, ఆ పక్కది కరాబైందా?" అంది. ఆమె తప్పు వినలేదు. అమ్మకు ఎడమ స్పీకరు ఎలాగూ 45 సెంటీమీటర్లు దగ్గర, అంటే 1.3 మిల్లీసెకన్లు ముందు. నేను కుడిదాన్ని ఇంకో 1.3 ఆపాను. రెండూ కలిసి ఆమెకు 2.6. నా కుర్చీని నడిమికి జరిపిన ప్రతి సెంటీమీటరూ ఆమె కుర్చీని అంచుకు నెట్టింది. ఇందులో పెట్టె లోపమేమీ లేదు. రెండు స్పీకర్లతో రెండు కుర్చీలకూ ఒకేసారి న్యాయం చెయ్యడం జరిగే పని కాదు. అందుకే ఖరీదైన కార్లలో డ్యాష్‌బోర్డు నడుమ మళ్ళీ ఒక స్పీకరు పెడుతున్నారు. 1933లో కాన్‌స్టిట్యూషన్ హాలుకు తెలిసిన సంగతి కారుకు తిరిగి తెలుస్తోంది.

ఇక్కడికొచ్చాక నాకు చరిత్ర ఇంకోలా కనిపించింది. శబ్దం మధ్యలో ఎవరున్నారో చూస్తే, ఆ కాలంలో మనిషి ఎవరితో కలిసి పాట విన్నాడో తెలుస్తుంది. బుర్రకథ పందిట్లో ఊరంతా. సినిమా హాల్లో వందలమంది, నేల టిక్కెట్టుతో సహా. 1979లో సోనీ మొదటి వాక్‌మన్ చేసినప్పుడు కూడా ఇద్దరు వినడానికని దానికి రెండు రంధ్రాలు పెట్టారు, తర్వాతి వాటిలో ఒకటే మిగిలింది. కారు స్టీరియో సరిగ్గా కుదిరింది కూడా కారులో ఒక్కరే మిగిలాక. ఒక్క కుర్చీకి అంత కచ్చితంగా గురిపెట్టాలన్న ఆలోచన, ఎల్.బి.నగర్‌నుంచి మాదాపూర్‌దాకా మూడు కుర్చీలు ఖాళీగా వెళ్ళే కార్ల కాలంలోనే గదా పుట్టాలి.

ఆ సీట్లో రోజుకు పన్నెండు గంటలు కూర్చునే మనిషి ఇంకొకడున్నాడు. క్యాబ్ నడిపేవాడు. నేను ఎక్కిన క్యాబుల్లో చాలామంది నేను ఎక్కగానే పాట తగ్గించేస్తారు, అడక్కుండానే. కారు తనదే అయినా, అప్పు కడుతున్నది తానే అయినా, శబ్దం మీద హక్కు వెనక ఎడమ సీటుదేనని వృత్తి నేర్పింది. అంబాసిడర్ దొర దిగిపోయాడు గాని సీటు అలాగే ఉంది. "ఉంచండి భాయ్, పర్లేదు" అంటే అద్దంలోంచి ఒకసారి చూసి, ఒక గీత పెంచి, అంతటితో ఆపుతారు.

మా స్టీరియోలో వినే చోటు ఎంచుకోమని ఒక పట్టీ ఉంటుంది. ఫ్రంట్ రైట్, ఫ్రంట్ లెఫ్ట్, ఫ్రంట్, ఆల్. ఆల్ అంటే అందరికీ. అది నొక్కితే ఆలస్యాలన్నీ పోతాయి, 57 అంకెలూ ఖాళీ అవుతాయి, ఎవరూ మధ్యలో ఉండరు. పాట మళ్ళీ కారంతా కలగాపులగంగా నిండుతుంది. ఒక్కణ్ణే పోయేటప్పుడు ఫ్రంట్ రైట్ పెడుతున్నాను. అమ్మ ఎక్కిన రోజున ఆల్. దించి వచ్చేటప్పుడు చాలాసార్లు మార్చడం మరిచిపోతాను.